ఈసారి మన చిన్న రైతుల ప్రదర్శన గురించి

అందరికీ నమస్కారం. పోయినసారి పుంగనూరు ఆవు దగ్గర ఒక పెద్దావిడ చాలాసేపు నిలబడి "ఇది దూడా, ఆవా?" అని అడిగారు. చెప్పేవాళ్లు లేరు. మూడడుగుల ఆవును చూస్తే ఎవరికైనా వచ్చే సందేహమే అది. నాకు ఇప్పటికీ బాధగానే ఉంది.

అందుకే ఈసారి ప్రతి పశువు దగ్గరా మనలో ఒకరు ఉండాల్సిందే. రెండు గంటలకోసారి మారదాం, ఒక్కరి మీదే భారం వద్దు. ఒంగోలు గిత్త దగ్గర పిల్లలు ఎగబడతారు కాబట్టి తాడు కట్టాలి. చేతులు కడుక్కోవడానికి నీళ్లు, సబ్బు పెడదాం.

పంటకు వేసే ద్రవ ఎరువు జీవామృతం గురించి ఫ్లెక్సీ వద్దు, డ్రమ్ము పెట్టి కలిపి చూపిద్దాం: 200 లీటర్ల నీళ్లు, 10 కిలోల ఆవుపేడ, 10 లీటర్ల గోమూత్రం, బెల్లం, శనగపిండి రెండేసి కిలోలు, గుప్పెడు గట్టు మట్టి. జనం వాసన చూడాలి, కర్రతో తిప్పాలి, అప్పుడే ఇంటికెళ్లి చేస్తారు. కొర్రలు, సామలు, అండుకొర్రలు కూడా చాటల్లో పోసి ఉంచుదాం, చేతిలోకి తీసుకుని చూస్తారు.

షామియానా మనుషులకే కాదు, పశువులకూ వేయాలి. ఎవరు ఏ పూట ఉంటారో రేపు రాత్రిలోగా ఇక్కడే చెప్పండి. చాటలు ఉన్న అక్కలు కాస్త తీసి పెట్టండి.