థీసిస్ ఇచ్చేశా, ఇక బాకీలు తీర్చాలి

మొన్న శుక్రవారం సాయంత్రం మూడు కాపీలు బైండింగ్ చేయించి సెక్షన్‌లో ఇచ్చేసి వచ్చాను. వచ్చి పడుకుంటే శనివారం మధ్యాహ్నం దాకా లేవలేదు. లేచాక మొదట చేస్తున్న పని ఇదే. అక్నాలెడ్జ్‌మెంట్స్ పేజీలో ప్రిన్సిపాల్, హెచ్ఓడీ, గైడ్, తల్లిదండ్రులు అని వరసగా రాసేసరికి పేజీ అయిపోయింది, నిజంగా ఈ పని చేయించినవాళ్లు సగం మంది అందులో లేరు. అందుకే ఇక్కడ రాస్తున్నా. పేర్లు రాయొద్దని చాలామంది చెప్పారు కాబట్టి రాయను, ఎవరి గురించో మీకు తెలుస్తుంది.

నేను ఎస్పీఎం (సామాజిక, నివారణ వైద్యం) పీజీని. చేరి మూడేళ్లయినా మా అమ్మ ఇంకా "అంటే ఏ జబ్బుకు డాక్టరువే నువ్వు?" అని అడుగుతూనే ఉంటుంది. నేను తీసుకున్న టాపిక్ పాత నెల్లూరు జిల్లాలో పెద్దపేగు, రెక్టమ్ (పెద్దపేగు చివరి భాగం, మలాశయం) కేన్సర్లు: ఏ వయసువాళ్లకు వస్తున్నాయి, మగవాళ్లలో ఎంత, ఆడవాళ్లలో ఎంత, పేగులో ఏ భాగంలో. మొదటి మీటింగ్‌లోనే గైడ్ మేడమ్ "బాగుంది, మరి భాగహారంలో కింద ఏం పెడతావ్?" అన్నారు. నాకు ఆ రోజు అర్థం కాలేదు. తర్వాత రెండేళ్లు ఆ ప్రశ్న చుట్టూనే తిరిగాను.

ఇన్సిడెన్స్ అంటే ఒక ప్రాంతంలో ఒక ఏడాదిలో కొత్తగా జబ్బు బయటపడినవాళ్లు ఎంతమందో, వాళ్లను అక్కడి మొత్తం జనాభాతో భాగించాలి. ఒక్క ఆసుపత్రి రిజిస్టర్ చూసి ఆ మాట చెప్పలేం. అందుకే జనాభా ఆధారిత కేన్సర్ రిజిస్ట్రీలు పెట్టారు, మన దేశంలో మొదటిది 1963లో బొంబాయిలో. ఐసీఎంఆర్ (కేంద్ర వైద్య పరిశోధన మండలి) 2020లో ఇచ్చిన రిపోర్టులో అలాంటివి 28 ఉన్నాయి, అందులో తెలుగు నేల మీద ఉన్నది ఒక్కటే, హైదరాబాద్ జిల్లా, అదీ 2014 నుంచి 2016 వరకు. ఆంధ్రప్రదేశ్ నుంచి ఒక్కటీ లేదు. మరి నెల్లూరు మనిషి ఎక్కడికి పోతాడు? చెన్నైకి. అడయార్ కేన్సర్ ఆసుపత్రికో, ఇంకో పెద్దాసుపత్రికో, లేదంటే వేలూరుకో. చెన్నై రిజిస్ట్రీ 1980ల మొదట్నుంచీ లెక్క రాస్తోంది గానీ, కనీసం ఏడాదిగా ఆ ఊళ్లో కాపురం ఉన్నవాళ్లనే అక్కడివాళ్లుగా రాయాలన్నది రూలు. రూలు సరైనదే, లేకపోతే చుట్టుపక్కల జిల్లాల జబ్బంతా చెన్నై ఖాతాలో పడుతుంది. కానీ మనవాడు ఆ ఆసుపత్రి లెక్కలో ఉంటాడు, చెన్నై జనాభా లెక్కలో ఉండడు, నెల్లూరులో చూద్దామంటే అసలు లెక్కే లేదు. "మన పక్క ఈ జబ్బు తక్కువేలే" అనే మాట నేనూ నమ్మినదాన్నే. తక్కువో కాదో చెప్పాలంటే ముందు ఎవరో ఒకరు రాసి ఉండాలి కదా. అన్ని ఆసుపత్రులూ నేనొక్కదాన్నే తిరగలేను కాబట్టి చివరికి మేడమ్ టైటిల్‌లోంచి ఇన్సిడెన్స్ అనే మాటే తీసేయించారు. అప్పుడు ఏడుపొచ్చింది, ఇప్పుడు ఆవిడకు దండం పెడుతున్నా.

ఇక అసలు మనుషులు. రికార్డు రూమ్ అన్నా, మొదటి దండం నీకే. గుడ్డలో మూటగట్టిన పాత కేసు షీట్లు, పైన ఫ్యాను తిరగదు, నువ్వేమో మాస్క్ లేకుండా కూర్చుని ఒక్కో మూట విప్పేవాడివి. ఒకే మనిషి బయాప్సీ దగ్గర వెంకటరమణయ్య, ఆపరేషన్ దగ్గర రమణయ్య, కీమో దగ్గర ఇంటిపేరు వెనక్కి పోయి ఇంకెవరో. నా ఎక్సెల్ షీట్లో అతను ముగ్గురు మనుషులు. "ఏంది పాపా, ముగ్గురికీ ఒకే ఫోన్ నంబరు ఉంటే చూసుకోవా" అని నువ్వు అన్నాక వెనక్కి పోయి మొత్తం మళ్లీ సరిచూశాను. ఆ ఒక్క మాట లేకపోతే నా థీసిస్‌లో నెల్లూరులో ఉన్న జబ్బు కన్నా ఎక్కువ జబ్బు ఉండేది.

పాథాలజీ అక్కకు. చాలా రిపోర్టుల్లో "కార్సినోమా, కోలన్" అని, అంటే పెద్దపేగు కేన్సర్ అని మాత్రమే ఉంటుంది, కుడిపక్కనా ఎడమపక్కనా అన్నది ఉండదు, కోడ్ వేయాలంటే నాకు అదే కావాలి. డ్యూటీ అయ్యాక కూర్చుని పాత రిక్విజిషన్ చీటీలు వెతికి సర్జన్ చేతిరాత చదివి చెప్పారు (సర్జన్లూ, మీ చేతిరాత గురించి ఇంకో పోస్టు రాయాలి). సిగ్నెట్ రింగ్ అనే రకం కేన్సర్ కణం మొదటిసారి చూపించిందీ ఆవిడే, లోపల జిగురు నిండిపోయి కేంద్రకం ఒక అంచుకు నొక్కుకుపోయి, అచ్చంగా రాయి పొదిగిన ఉంగరంలా ఉంటుంది. ముంబైలోని టాటా మెమోరియల్ కేన్సర్ ఆసుపత్రి వాళ్లు 2017లో పెద్దపేగు, రెక్టమ్ కేన్సర్లున్న 800 మంది రోగులపై ఇచ్చిన పేపర్‌లో ఈ రకం దాదాపు 13 శాతం, పడమటి దేశాల్లో కనిపించే దానికన్నా చాలా ఎక్కువ.

అదే పేపర్‌లో రోగుల సగటు వయసు 47. నేను దాన్ని పట్టుకుని థీసిస్ డిస్కషన్ చాప్టర్‌లో "మనవాళ్లకు చిన్న వయసులోనే వస్తోంది" అని రెండు పేజీలు దంచేశాను. డాలస్‌లో ఉండే మా పెద్దమ్మ కొడుకు స్టాటిస్టిక్స్ మనిషి, రాత్రి పదకొండింటికి వీడియో కాల్‌లో చదివి "చెల్లీ, మన జనాభాలో వయసులో ఉన్నవాళ్లే ఎక్కువ, ఏ జబ్బు తీసుకున్నా సగటు వయసు కిందికే వస్తుంది, ముందు ఐదేళ్ల వయసు గ్రూపుల వారీగా రేటు చూడు" అన్నాడు. రెండు పేజీలూ కొట్టేశాను. కుర్రవాళ్లలో ఈ జబ్బు లేదని కాదు, 35 ఏళ్లవాళ్ల ఫైళ్లు నా చేతుల్తోనే తిప్పాను. కానీ సగటు ఒక్కటే చూపించి ఆ మాట అనకూడదు. అన్నట్టు, అన్నయ్యకు ఈ మధ్యే 45 నిండింది, అక్కడ 2021లో ఈ కేన్సర్ స్క్రీనింగ్ (లక్షణాలు లేకముందే చేసే పరీక్ష) వయసు 50 నుంచి 45కు దించారు కాబట్టి కొలొనోస్కోపీకి, అంటే గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్షకు, ఉత్తరం వచ్చిందట. "నీ థీసిస్ పుణ్యమా అని వాయిదా వేయలేకపోతున్నా" అని తిట్టాడు.

రిటైరైన రెవెన్యూ మామయ్యకు ఎన్ని నమస్కారాలు పెట్టినా చాలవు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీసినప్పుడు గూడూరు, సూళ్లూరుపేట, వెంకటగిరి తిరుపతి జిల్లాకు పోయాయి, కందుకూరు ఇటొచ్చింది. అంతకుముందు నెల్లూరు అని రాసిన గూడూరు రోగి తర్వాత తిరుపతి అయిపోయాడు. పైగా చేతిలో ఉన్నది 2011 జనాభా లెక్కలే. మామయ్య మండలం మండలం తీసి, పాత జిల్లా హద్దుకు సరిపోయేలా తెల్లకాగితాల మీద చేత్తో కూడి ఇచ్చారు. కంప్యూటర్‌లో సరిచూశాను, ఒక్క తప్పు లేదు.

ఒక చోట మాత్రం పర్మిషన్ లెటరు చూపించినా నాలుగు నెలలు తిప్పారు, చివరికి రికార్డులు ఇవ్వలేదు. పేరెందుకు. ఆ గడులు ఖాళీగానే ఉన్నాయి, ఖాళీ అనే రాశాను.

నన్ను ఇళ్లలోకి రానిచ్చిన రోగులకు ఏం చెప్పాలో తెలియడం లేదు. కావలి దగ్గర ఒక పెద్దమ్మ, 2018 చీటీ మీద వయసు 50. మా రికార్డుల్లో వయసులన్నీ 40, 45, 50, 60 దగ్గరే గుంపుగా ఉంటాయి, ఓపీ కౌంటర్లో "యాభై ఉంటాయిలే" అంటే యాభై రాసేస్తారు. ఈవిడేమో "84 తుఫానుకు నా రెండోవాడు చంకలో ఉండాడు, నాకప్పుడు ఇరవై రెండు" అన్నారు. అంటే 2018కి 56. ఒక గ్రూపులోంచి ఇంకో గ్రూపులోకి పోయారు. అలా మాట్లాడిస్తే చాలామంది వయసులు మారాయి. ఇంకో మాట దాదాపు ప్రతి ఇంట్లోనూ విన్నాను: "మొలలనుకున్నాం." దొడ్డికి పోయినప్పుడు రక్తం, పసరు మందు కొన్నాళ్లు, మొలల డాక్టరు దగ్గర ఇంజెక్షన్లు కొన్నాళ్లు. మన దగ్గర ఈ కేన్సర్లు రెక్టమ్‌లో ఎక్కువగా కనబడుతున్నాయి, వాటిలో చాలావరకు గ్లౌజు వేసుకుని వేలితో చూస్తే తగిలే ఎత్తులోనే ఉంటాయి. ఆ పరీక్షకు మిషన్ అక్కర్లేదు. సిగ్గుపడి రోగి అడగడు, టైమ్ లేక డాక్టరు చేయడు. ఇది చదివే హౌస్ సర్జన్లు దయచేసి చేయండి.

నా అంకెలు ఎన్నో అడుగుతున్నారు. వైవా అయ్యేదాకా బయటపెట్టను, మేడమ్ చంపేస్తారు.

కావలి పెద్దమ్మా, మీ పాలిథిన్ కవర్లోని సీటీ ఫిల్ములు, బిల్లులు అన్నీ భద్రంగా ఉన్నాయి, ఆదివారం తెచ్చిస్తా. చేపల పులుసు పెట్టొద్దని మొహమాటానికి అన్నాను పోయినసారి, ఈసారి అనను. జిరాక్స్ షాపు అన్నకు ఇంకా 340 రూపాయలు ఇవ్వాలి, సోమవారం స్టైపెండ్ పడుతుంది.