కనీస పింఛనును ధరల సూచీతో ముడిపెట్టండి

కేంద్ర కార్మిక, ఉపాధి శాఖ మంత్రి గారికి,

నమస్కారం. కార్మికులకు జీవన వేతనం, గౌరవప్రదమైన జీవన ప్రమాణం సమకూర్చేందుకు రాజ్యం కృషి చేయాలని రాజ్యాంగం 43వ అధికరణ నిర్దేశిస్తోంది. అయితే భవిష్యనిధి (పీఎఫ్) ఉన్న కార్మికులకు వర్తించే 1995 నాటి ఉద్యోగుల పింఛను పథకంలో కనీస పింఛనును 2014 సెప్టెంబరులో నెలకు 1,000 రూపాయలుగా నిర్ణయించాక, పదేళ్లు దాటినా ఆ మొత్తాన్ని పెంచలేదు.

నిజామాబాద్, జగిత్యాల ప్రాంతాల్లో బీడీలు చుట్టే మహిళల సంగతి చూడండి. వారికి కూలి వెయ్యి బీడీల లెక్కన వస్తుంది. ఆకు, తంబాకు ఎన్ని రోజులు ఇస్తే అన్ని రోజులే పని. పింఛనేమో చివరి 60 నెలల సగటు వేతనాన్ని సర్వీసు కాలంతో గుణించి, 70తో భాగించి లెక్కగడతారు కనుక, దశాబ్దాలు మెడలు వంచి పనిచేసినవారికి కూడా వచ్చేది అతి స్వల్పం. ఇది దానం కాదు, వారి వేతనం లెక్కన జమైన సొమ్ముపై హక్కు.

ప్రభుత్వ పింఛనుదారులకు ధరలను బట్టి కరువు భృతి పెరుగుతోంది, అది న్యాయమే. అదే న్యాయాన్ని వీరికీ వర్తింపజేసి, కనీస పింఛనును వినియోగదారుల ధరల సూచీతో ముడిపెట్టాలని, అందుకు అవసరమైన నిధిని బడ్జెట్‌లో కేటాయించాలని, అమలు తేదీని పార్లమెంటులో ప్రకటించాలని కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక పౌరుడు