ఏసీ గార్డ్స్ రాయి మీద ఏం చెక్కాలి?

సంపాదకులకు,

హైదరాబాద్‌లోని ఏసీ గార్డ్స్ బస్తీ పేరులో ఏసీ అంటే ఆఫ్రికన్ కావల్రీ. నిజాం కొలువులోని ఆ అశ్వదళం వారసులు, సిద్దీలు, ఇప్పటికీ ఆ బస్తీలో ఉన్నారు. వాళ్ల పూర్వీకుల్లో చాలామంది తూర్పు ఆఫ్రికా నుంచి బానిసలుగా అమ్ముడై వచ్చినవాళ్లు. ఆ మాట చెప్పే స్మారకం బస్తీలోనే పెట్టాలి. గుర్రపు బొమ్మ ఎవరైనా పెడతారు, కష్టమంతా పేర్లు చెక్కడంలో ఉంది.

అమ్మేవాళ్లు, కొనేవాళ్లు అసలు పేరు తీసేసి సరుకుల పేర్లు పెట్టేవారు. అంబర్ సుగంధద్రవ్యం, కాఫూర్ కర్పూరం, యాకూత్ కెంపు. (1310లో ఓరుగల్లు మీదికొచ్చిన ఢిల్లీ సేనాని మాలిక్ కాఫూర్‌దీ బానిస పేరే.) అందుకే ఒకే పేరు పదిమందికి ఉంటుంది. తండ్రి పేరో, ఊరో, ఏడాదో పక్కన లేకపోతే ఎవరెవరో తెలియదు. దళంలో జీతానికి చేరిన సిపాయిలను, అమ్ముడైనవాళ్లను ఒకే గాట కట్టి ‘బానిసలు’ అని రాయడమూ తప్పే.

తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో నిజాం కాలపు కాగితాలు ఫారసీలో, ఉర్దూలో ఉన్నాయి. ఫసలీ (పంటల లెక్కన సాగే పాత సర్కారీ కాలమానం) ఏడాదికి 590 కలిపితే ఇంచుమించుగా క్రీస్తు శకం వస్తుంది. హిజ్రీకి ఆ లెక్క పనికిరాదు. అది చాంద్రమానం, సుమారు 33 ఏళ్లకు ఒక ఏడాది తేడా వస్తుంది. రెంటినీ కలగలిపితే తమ్ముడు అన్న కంటే ముందు పుట్టేస్తాడు. చెక్కే ముందు జాబితాను కాగితం మీద అచ్చేసి ఒక నెల బస్తీలో అతికించాలి. ఇంటి పెద్దలు దిద్దిన ప్రతినే పనివాడికి ఇవ్వాలి.

ఇక రాయి. సిమెంటుతో గోడకు అంటించిన 20 మిల్లీమీటర్ల గ్రానైట్ పలక ఎండకు, వానకు పట్టు వదిలి ఊడిపోతుంది. 40 మిల్లీమీటర్ల మందం తీసుకుని, వెనక నుంచి స్టెయిన్‌లెస్ స్టీల్ పిన్నులు దింపాలి. మామూలు ఇనుమైతే తుప్పు ఉబ్బి రాయినే చీలుస్తుంది. తెలుగు అక్షరం అంగుళానికి తగ్గితే వత్తులు పూడిపోయి ‘సిద్ది’ కాస్తా ‘సిది’ అవుతుంది. వరుసల మధ్య కూడా అంత ఎడం ఉండాలి. ఉర్దూలో చుక్కలే ప్రాణం: యాకూత్‌లో ఖాఫ్ మీది రెండు చుక్కల్లో ఒకటి పోతే అది ‘ఫే’. ఇసుకను గాలి ఒత్తిడితో చిమ్మి చెక్కే బ్లాస్టింగ్‌కు రాయి మీద అతికించే స్టెన్సిల్‌లో చుక్కల మధ్య సన్నటి పట్టీ ఊడితే రెండు చుక్కలూ ఒకటైపోతాయి. చుక్కలను ఉలితో చేయించడం మేలు.

బంగారు రంగు నింపవద్దు, ఎండకు పొట్టు లేస్తుంది. నల్ల గ్రానైట్‌లో 3 మిల్లీమీటర్లు దిగిన అక్షరం రంగు లేకుండానే తెల్లగా చదవొస్తుంది. మొత్తం ఒకే పలకగా కాకుండా రెండడుగుల ముక్కలుగా పెడితే, తప్పు దొర్లినప్పుడు ఒక్క ముక్క మారుస్తే చాలు. ఇకముందు దొరికే పేర్ల కోసం మూడో వంతు పలకలు ఖాళీగా వదలాలి. ప్రారంభోత్సవం చేసిన నాయకుల పేర్లు ఆ ఖాళీలోకి రాకుండా చూసుకోవాలి.

– శిలాఫలకాలు చెక్కే పనివారం, హైదరాబాద్