మన క్విల్ట్ సంఘం వార్షిక నివేదిక: ఈ ఏడాదంతా పావు అంగుళం చుట్టూనే

సభ్యులందరికీ నమస్కారం.

సర్వసభ్య సమావేశానికి ముందు కార్యదర్శి నివేదిక పంపాలని మన నియమావళిలో ఉంది కాబట్టి పంపుతున్నాను. ఆ నియమం లేకపోయినా ఈ ఏడాది రాసేదాన్నే. డాలస్ చుట్టుపక్కల ఊళ్ళలో ఎవరి ఇంట్లో వాళ్ళం, ఎవరి మిషన్ మీద వాళ్ళం, అమ్మల చీరలు అత్తగార్ల చీరలు కత్తిరించి, చిన్న ముక్కలు కలిపి కుట్టిన 42 బ్లాకులు, అంటే చదరాలు, ఒకే క్విల్ట్‌గా ఒకచోట చేరి, ఎక్కడా ముడత పడకుండా, మూలలు పక్కకి లాగకుండా క్వీన్ సైజు మంచం మీద చదునుగా పరుచుకున్నాయంటే దాని వెనక ఎవరు ఏం చేశారో కాగితం మీద ఉండాలి. సంఘం ఎందుకు పెట్టుకున్నామో, ఏం చేస్తామో మీకు తెలిసిందే, మళ్ళీ రాయను.

ముందు కృతజ్ఞతలు. తన గరాజ్‌ని కటింగ్ రూముగా మార్చి కారు ఎండలో పెట్టుకున్న అధ్యక్షురాలు గారికి, ప్రతి నెలా టీ, పకోడీలు చేసి పెట్టిన ఆంటీకి, విజయవాడ వెళ్ళొస్తూ సూట్‌కేసులో సగం పెడన కలంకారీ గుడ్డ మోసుకొచ్చిన చెల్లెమ్మకి, ప్రతి బ్లాకు వెనక్కి తిప్పి కుట్లు పరీక్షించి ఒక్కరి మనసూ నొప్పించకుండా "ఇది విప్పాలమ్మా" అని చెప్పగలిగిన పెద్దమ్మగారికి సంఘం తరఫున నమస్కారాలు. ఇస్త్రీ బల్లలు మోసిన భర్తలకీ, టేపుతో కొలతలు పట్టిన పిల్లలకీ కూడా. పేర్లన్నీ సమావేశంలో చదువుతాను, ఎవరి పేరైనా రాకపోతే అక్కడే లేచి చెప్పండి.

ఇక అసలు సంగతి. సగం బ్లాకులు సాటూత్ స్టార్ (రంపపు పళ్ళ లాంటి కొసలున్న నక్షత్రం), సగం గళ్ళ బ్లాకు, అన్నీ పూర్తయ్యాక 12 అంగుళాలు, చేతికొచ్చేటప్పుడు కుట్టులోకి పోయే మార్జిన్‌తో పన్నెండున్నర ఉండాలని అనుకున్నాం. మొదటి విడత వచ్చిన రోజు బల్ల మీద పరిచి కొలిస్తే అన్నిటికన్నా చిన్నది 11⅝, పెద్దది 12¾. పక్కపక్కన పెడితే అంగుళం పైన తేడా! అందరూ చేయి తిరిగిన వాళ్ళే. జాకెట్లు, పిల్లల లంగాలు కుట్టిన వాళ్ళే. అయినా ఎందుకిలా వచ్చింది?

జాకెట్టుకి లోపల మార్జిన్ ఎక్కువే వదులుతాం, తర్వాత వదులు చేసుకోవచ్చు, బిగించుకోవచ్చు. క్విల్ట్ బ్లాకులో వదిలేది పావు అంగుళమే, ప్రతి అతుకు దగ్గరా అదే పావు అంగుళం. మన గళ్ళ బ్లాకులో ఒక వరసకి రెండంగుళాల ముక్కలు ఎనిమిది, వాటి మధ్య ఏడు కుట్లు. ఒక్కో కుట్టు అంగుళంలో పదహారో వంతు ఎక్కువ లోపలికి పడిందనుకోండి, అది రెండు ముక్కల నుంచీ పోతుంది కాబట్టి ఎనిమిదో వంతు తగ్గుతుంది. ఏడు కుట్లకి ఏడు ఎనిమిదో వంతులు. పన్నెండున్నరలోంచి తీసేయండి, సరిగ్గా 11⅝ వస్తుంది. ఆ చిన్న బ్లాకు కుట్టిన ఆవిడ అశ్రద్ధ చేయలేదు. వంద డాలర్ల లెక్కలో పైసా తేడా కూడా రానివ్వని మనిషి ఆవిడ. ఆవిడ మిషన్‌కి బిగించిన పావు అంగుళం ఫుటే (సూది దగ్గర గుడ్డని నొక్కిపట్టే పాదం), ఫుట్ అంచుకి గుడ్డ ఆనించి కుట్టినా, పావు కన్నా ఎక్కువ తీసుకుంటోంది.

అందుకే తర్వాతి కూటంలో బ్లాకులు పక్కన పెట్టి అందరి చేతా ఒకే పరీక్ష చేయించాం. వెడల్పు ఒకటిన్నర అంగుళం ఉన్న పట్టీలు మూడు, పొడుగు వైపున పక్కపక్కన కుట్టాలి, ఇస్త్రీ పెట్టాలి, కొలవాలి. మొత్తం మూడున్నర రావాలి, మధ్య పట్టీ కచ్చితంగా ఒక అంగుళం రావాలి. మధ్య పట్టీ అంగుళం కన్నా తక్కువైతే కుట్టు లోపలికి పడుతోంది, ఎక్కువైతే బయటికి పోతోంది. సూది స్థానం మార్చే వీలున్న మిషన్లలో సూదిని ఒక మెట్టు జరపాలి, లేకపోతే మిషన్ పళ్ళెం మీద టేప్ గట్టుగా అంటించి గుడ్డ దాన్ని ఆనుకుని వెళ్ళేలా చూడాలి. చాలామందికి పావుకి ఒకటి రెండు పోగులు తక్కువ పెడితేనే సరిపోయింది. కారణం ఇస్త్రీలో మడత తిరిగే చోట గుడ్డ మందం, దారం మందం కూడా కాస్త మింగేస్తాయి. దారం లావుదైతే ఇంకా ఎక్కువ. 50 వెయిట్ అనే సన్నటి కాటన్ దారం వాడమని చెప్పింది అందుకే. ఇంట్లో ఉంది కదా అని ఏ దారం పడితే ఆ దారం వేస్తే ఆ పరీక్ష వృథా.

రెండో తప్పు కటింగ్‌లో దొరికింది. కొందరు కింద పరిచే కటింగ్ మ్యాట్ మీది గీతలు చూసి కోశారు, కొందరు రూలర్ గీతలు చూసి కోశారు, కొందరు రూలర్ గీతని ముక్క లోపల ఉంచి, కొందరు గీత బయట ఉంచి కోశారు. రెండు కంపెనీల రూలర్లు పక్కపక్కన పెడితే గీతల మందం కూడా ఒకటి కాదు. ఇకపై సంఘం పనికి ఒకే రకం రూలరు, మ్యాట్ కేవలం బల్ల పాడవకుండా ఉండటానికి, గీత గుడ్డ మీదే పడాలి, అని కార్యవర్గం తీర్మానం చేసింది. రోటరీ కట్టర్ (చక్రంలా తిరిగే కత్తి) బ్లేడు మొద్దుబారితే నొక్కి కోస్తాం, నొక్కినప్పుడు రూలర్ జారుతుంది, కాబట్టి బ్లేడు మార్చడానికి పిసినారితనం వద్దు.

మూడోది ఇస్త్రీ, దీని మీద నాకు చాలా పట్టింపు. చీర ఇస్త్రీ చేసినట్టు పెట్టెని ముందుకీ వెనక్కీ తోస్తే ఏటవాలు కోతలున్న ముక్కలు సాగిపోతాయి. స్టార్ బ్లాకులో త్రికోణాలన్నిటికీ ఏదో ఒక అంచు క్రాస్‌లో ఉంటుంది. ఇస్త్రీ పెట్టె పైన పెట్టాలి, ఎత్తాలి, పక్కన పెట్టాలి. తోయకూడదు. ముందు కుట్టు మూసి ఉండగానే ఒకసారి నొక్కి, తర్వాత తెరిచి, ముదురు రంగు వైపుకి మడత పడేలా నొక్కాలి. పక్క వరసలో మడతని ఎదుటి వైపుకి తిప్పితే రెండు వరసలు కలిపేటప్పుడు మడతలు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి, మూలలు వాటంతట అవే కలుస్తాయి. ఇది నేర్చుకున్నాక గుండుసూదుల వాడకం సగానికి తగ్గిందని చాలామంది చెప్పారు.

మనకున్న ఇబ్బంది మరొకటి ఉంది, ఇక్కడి క్విల్టింగ్ పాఠాల్లో అది దొరకదు. మనం కోసేది షాపులో అమ్మే క్విల్టింగ్ కాటన్ కాదు, చీర. వెంకటగిరి నేత సన్నం, రూలర్ కింద కదిలిపోతుంది. మంగళగిరి కాస్త నిలుస్తుంది. పాత నారాయణపేట చీర ఎన్నో ఉతుకులు చూసింది కాబట్టి కుంచించుకోదు, కొత్తది కుంచించుకుంటుంది. అందుకని అన్నిటినీ ముందే ఉతికి, గంజి పెట్టి, కాస్త తడిగా ఉండగానే పడుగు పేక నిలువుగా అడ్డంగా ఉండేలా సరిచేసి ఇస్త్రీ పెట్టాలని పెద్దమ్మగారు చెప్పారు. ఆవిడ చూపించిన ఇంటి గంజికి సాటి వచ్చే స్ప్రే ఏదీ నేను చూడలేదు. గంజి పెట్టిన గుడ్డ కాగితంలా కోసుకుంటుంది, మిషన్ కింద మెలి తిరగదు. జరీ అంచు ఉన్న చోట సూది తడబడుతుంది, మడత నిలవదు, కాబట్టి జరీ తీసేసి వాడాం. పోచంపల్లి పట్టు ముక్కలకి వెనక ఇస్త్రీతో అంటుకునే పల్చటి ఫ్యూజింగ్ గుడ్డ అంటించాం. పెడన కలంకారీ రంగు దిగుతుందేమోనని విడిగా ఉతికాం.

స్టార్ బ్లాకు కొలతలు మళ్ళీ అడుగుతున్నారు కాబట్టి ఇక్కడే రాస్తున్నాను, దాచుకోండి. మధ్య చదరం ఆరున్నర, మూలలకి మూడున్నర చదరాలు నాలుగు. నక్షత్రం కొసలుండే దీర్ఘచతురస్రపు ముక్కలు, అంటే ఫ్లయింగ్ గీస్, నాలుగూ ఒకేసారి రావాలంటే 7¼ చదరం ఒకటి, 3⅞ చదరాలు నాలుగు. కుట్టాక ఒక్కోటి మూడున్నర బై ఆరున్నర ఉండాలి, త్రికోణం కొస పైన పావు అంగుళం గుడ్డ మిగలాలి. ఆ పావు లేకపోతే తర్వాతి కుట్టు కొసని మింగేస్తుంది, నక్షత్రం మొండిగా కనిపిస్తుంది. బ్లాకు పెద్దదైందని నాలుగు వైపులా కోసేసి పన్నెండున్నర చేసిన వాళ్ళున్నారు, దయచేసి అలా చేయకండి, కొసలు పోతాయి. ప్రతి దశలో కొలవండి, చివర్లో కాదు.

ఈ సందర్భంలోనే ఒక వాదన వచ్చింది, అది రికార్డులో ఉండాలి. మన బొంతలకి ఎవరు కొలిచారు, అలబామాలో గీస్ బెండ్ అనే పల్లెలోని నల్లజాతి ఆడవాళ్ళు స్కేలు పెట్టి కుట్టారా, వాళ్ళ క్విల్ట్‌లు 2002లో న్యూయార్క్ విట్నీ మ్యూజియంలో పెట్టారు, 2006లో పోస్టల్ స్టాంపులుగా కూడా వేశారు కదా, మనకెందుకీ టెన్షన్ అని ఒక సభ్యురాలు అడిగారు. మంచి ప్రశ్న. బొంతలో పాత చీరలు పొరలుగా పరిచి అంతటా కుట్టుకుంటూ పోతాం, మరో ఇంటి ముక్కతో కలవాల్సిన పని లేదు. గీస్ బెండ్‌లో కుట్టే మనిషి తన కళ్ళ ముందు పెరుగుతున్న దాన్ని చూస్తూ నిర్ణయం తీసుకుంటుంది, కొలత ఆమె కంట్లోనే ఉంది. మనది ఇరవై ఇళ్ళలో విడివిడిగా తయారై ఒకచోట కలవాల్సిన క్విల్ట్. ఒకరి ముక్క ఇంకొకరి ముక్క పక్కన ఇమడాలంటే ఇద్దరిదీ ఒకటే కొలత కావాలి. చేత్తో, మనసుకి తోచినట్టు కుట్టే క్విల్ట్ వచ్చే ఏడాది విడిగా పెట్టుకుందాం, నేనే ముందు చేరతాను.

పరీక్ష తర్వాత విప్పి మళ్ళీ కుట్టిన బ్లాకులు చాలా ఉన్నాయి. విప్పడం కుట్టడం కన్నా విసుగు పుట్టిస్తుంది, అయినా ఒక్కరూ అలగలేదు. కటింగ్‌లోనే తగ్గిపోయిన వాటిని మాత్రం కాపాడలేకపోయాం, అవి దిండు గలీబులయ్యాయి. ఎనిమిదో వంతు తేడా ఉన్న వాటిని కలిపేటప్పుడు పెద్ద ముక్క కిందికి వచ్చేలా పెట్టి కుట్టాం, మిషన్ పళ్ళు అదనపు గుడ్డని లాక్కుంటాయి. ఆరు బ్లాకులు అడ్డంగా, ఏడు నిలువుగా, మధ్య భాగం 72 బై 84 అంగుళాలు. బోర్డర్ ఎనిమిది అంగుళాలు, మొత్తం 88 బై 100. బోర్డర్ పొడుగుని అంచుల దగ్గర కాకుండా క్విల్ట్ మధ్యలో కొలిచి కోశాం, అంచు ఎప్పుడూ కొంత సాగి ఉంటుంది, దాన్ని నమ్మితే బోర్డర్ అలలు తేలుతుంది.

ఆ క్విల్ట్ సంక్రాంతి తర్వాత మన ఊరి పబ్లిక్ లైబ్రరీ గోడ మీద వేలాడింది. చూడటానికి వచ్చిన వాళ్ళలో ఎన్నో ఏళ్ళుగా క్విల్ట్‌లు కుడుతున్న ఒక టెక్సాస్ పెద్దావిడ, అనుమతి అడిగి, చేతికి తెల్ల గ్లోవ్స్ వేసుకుని అంచు కొంచెం పైకెత్తి చూశారు. తర్వాత స్టార్ కొసల్ని ఒక్కొక్కటిగా చూస్తూ వరస చివరిదాకా నడిచి, ఇది ఎంతమంది కుట్టారని అడిగారు. ఇరవై మంది అంటే నమ్మలేదు. పెద్దమ్మగారి కళ్ళు చెమర్చాయి. నాకు ఈ ఏడాది పడ్డ శ్రమంతా ఆ ఒక్క మాటతో తీరింది.

శరదృతువులో హ్యూస్టన్ ఇంటర్నేషనల్ క్విల్ట్ ఫెస్టివల్‌కి కార్లలో వెళ్ళొచ్చాం. జార్జ్ ఆర్. బ్రౌన్ కన్వెన్షన్ సెంటర్‌లో అంత పెద్ద హాలు ఒక్క రోజులో చూడటం అయ్యే పని కాదు. వచ్చేసారి రాత్రి ఉండేలా ప్లాన్ చేద్దాం.

ఇప్పుడు చెప్పక తప్పని మాటలు. కటింగ్ రోజు సాయానికి వస్తామని వాట్సాప్‌లో బొటనవేలు చూపించిన వాళ్ళు బోలెడుమంది, వచ్చింది మాత్రం వేళ్ళ మీద లెక్కపెట్టేంత. ప్రతిసారీ వచ్చేది ఆ నలుగురైదుగురే. వాళ్ళకీ ఉద్యోగాలున్నాయి, పిల్లలున్నారు, స్విమ్మింగ్ క్లాసులున్నాయి. రాలేకపోతే ముందు రోజు ఒక్క మాట చెప్పండి, ఆ పని ఇంకొకరికి అప్పగించుకుంటాం. హాలు విషయంలో కూడా అంతే, బుక్ చేసిన గది రెండుసార్లు చివరి నిమిషంలో రద్దు చేశారు, ఫోన్ చేస్తే ఈమెయిల్ పెట్టమంటారు, ఈమెయిల్ పెడితే జవాబు రాదు. అందుకే గరాజ్‌లో కూర్చోవాల్సి వచ్చింది, ఆగస్టు ఎండలో ఇస్త్రీ పెట్టెల మధ్య అది ఎంత కష్టమో వచ్చిన వాళ్ళకే తెలుసు.

జమాఖర్చులు కోశాధికారి గారు పంపిన షీట్‌లో ఉన్నాయి. అప్పు లేదు, మిగులు పెద్దగా లేదు. బ్లేడ్లు, బ్యాటింగ్ (పొరల మధ్య పెట్టే దూది), లాంగ్ ఆర్మ్ అనే పెద్ద మిషన్ మీద పొరలు కలిపి కుట్టించిన ఖర్చు, ఇవే ముఖ్యమైనవి. సందేహాలుంటే ఆవిడనే అడగండి.

సమావేశంలో తేల్చాల్సినవి: ఈ క్విల్ట్ ఎవరికి ఇవ్వాలి, వచ్చే ఏడాది ఏ బ్లాకు, కార్యవర్గ ఎన్నిక. కొత్త క్విల్ట్‌లో చేరేవాళ్ళు పేరుతో పాటు తమ మిషన్ మీద కుట్టిన మూడు పట్టీల నమూనా తీసుకురావాలి. మధ్య పట్టీ అంగుళం రాని వాళ్ళకి పెద్దమ్మగారు, నేనూ అక్కడే కూర్చుని సరిచేసి పెడతాం. మిషన్ మోయలేని వాళ్ళు ముందే చెప్పండి, ఇంటికి వస్తాం.

ఇట్లు,
కార్యదర్శి