చెట్లను నిద్ర లేపవద్దు

చిరంజీవి అమ్మలుకు నాన్న ఆశీర్వదించి వ్రాయునది.

మేమిద్దరం క్షేమం. సంక్రాంతికి రాజమండ్రిలో ఉండాలని మీ అమ్మ అప్పుడే పెట్టెలు సర్దుతోంది. మేము తిరిగి వచ్చేది మార్చి మూడో వారంలో. అప్పటిదాకా నువ్వు ఇక్కడ అమెరికాలో, డెట్రాయిట్ దగ్గరి మన ఇంటినుంచే ఆఫీసు పని చేసుకుంటూ ఇల్లు చూసుకుంటానన్నావు. ఇంటి సంగతులు ఫోన్లో చెప్పుకోవచ్చు. తొట్లలో పొట్టిగా పెంచే నా బోన్సాయ్ చెట్ల సంగతి మాత్రం ఫోన్లో చెబితే "సరే నాన్నా, సరే" అని మరిచిపోతావు కనుక కాగితం మీద పెడుతున్నాను.

నువ్వు పోయినసారి వచ్చింది జూలైలో. అప్పుడు పెరట్లో దేవదారు బల్లల మీద ఇరవై మూడు తొట్లు పచ్చగా ఉండేవి. ఇప్పుడు బల్లలు ఖాళీగా మంచు కప్పుకుని ఉంటాయి, గరాజ్ తలుపు తీస్తే ఆకు ఒక్కటీ లేని మేపుల్ కొమ్మలూ, రాగిరంగుకు తిరిగిన జూనిపర్లూ కనిపిస్తాయి. అన్నీ పోయాయని బెంబేలు పడవద్దు. చలికి జూనిపర్ ఆ రంగు తిరగటం సహజమే, వసంతంలో మళ్ళీ పచ్చబడుతుంది. మేపుల్ మీద అనుమానం వస్తే సన్నకొమ్మను గోటితో ఆవగింజంత మేర గీకి చూడు. బెరడు కింద పెసరపొట్టు రంగు కనిపిస్తే బతికే ఉన్నట్టు. ఒక్కసారి చూస్తే చాలు, రోజూ గీకవద్దు.

ఈ ఉత్తరంలో అసలు మాట ఒక్కటే: జాలిపడి వాటిని ఇంట్లోకి తీసుకురావద్దు. ఆ పని నేను చేసి ఉన్నాను కనుక చెబుతున్నాను. 2017లో రిటైర్ అయిన కొత్తలో, ముప్పై ఏళ్ళు కార్ల బ్రేకుల లెక్కలు చూసిన చేతులకు పని లేక, సీజను చివర తగ్గింపు ధరకు అమ్ముతున్న ఒక జూనిపర్ కొన్నాను. తీగ చుట్టి కొమ్మలు వంచి, చిన్న తొట్టిలోకి మార్చాను. డిసెంబరులో బయట మైనస్ పన్నెండు ఉంటే, పాపం అనిపించి, హాల్లో వేడిగాలి వచ్చే జాలీ పక్కన పెట్టాను. జనవరంతా పచ్చగానే ఉంది. ఇంటికి వచ్చిన వాళ్ళందరికీ చూపించుకున్నాను కూడా. ఫిబ్రవరి చివర చెయ్యి వేస్తే సూదులన్నీ పొడిపొడిగా రాలిపడ్డాయి. జూనిపర్ చచ్చిపోయిన తర్వాత కూడా వారాల తరబడి పచ్చగానే కనిపిస్తుందట. అంటే, నేను అతిథులకు చూపించి మురిసిపోయింది శవాన్ని.

చలిదేశపు చెట్టుకు చలి శత్రువు కాదు. పగళ్ళు కురచబడి, నాలుగైదు రాత్రులు మంచు పడితే అది తనంతట తానే పని ఆపుకుని నిద్రపోతుంది. చాలా జాతులకు సున్నాకూ ఏడు డిగ్రీలకూ మధ్య సుమారు వెయ్యి గంటలు గడిస్తేనే వసంతంలో మొగ్గ సరిగా విచ్చుకుంటుంది. అందుకే నేను నవంబరు చివర వచ్చే థాంక్స్‌గివింగ్ పండుగ దాకా వాటిని బయటే ఉంచి, ఆకు పూర్తిగా రాలాకనే గరాజ్‌లోకి జరుపుతాను. సెప్టెంబరు తర్వాత నత్రజని ఎరువు కూడా వేయను. ఆ బలానికి పుట్టే లేత చిగురు చలికి తట్టుకోలేదు.

చలి మేలే అయితే గరాజ్ ఎందుకని నువ్వు అడుగుతావు, చిన్నప్పటినుంచీ ప్రశ్నలకు నీకు కొదవ లేదు. చిక్కంతా వేరుతోనే. జపాన్ మేపుల్ కొమ్మలు మైనస్ ఇరవై దాటినా ఓర్చుకుంటాయి, కానీ దాని లేత వేళ్ళు మైనస్ పది దగ్గరే చచ్చిపోతాయి. నేలలో ఉన్న చెట్టుకు భూమిలోని వేడి కాపు కాస్తుంది, మంచు దుప్పటి అవుతుంది. రెండంగుళాల లోతు తొట్టిలో వేరుకు నాలుగు పక్కలా గాలే. 2019 జనవరి ఆఖరున ధ్రువపు గాలి దిగి డెట్రాయిట్ చుట్టుపక్కల మైనస్ ఇరవై ఐదు దాకా పడిపోయినప్పుడు, నా ట్రైడెంట్ మేపుల్ గరాజ్ తలుపు పక్కన వట్టి సిమెంటు నేల మీద ఉంది. ఏప్రిల్‌లో మొగ్గలు విచ్చాయి కూడా. కాండంలో దాచుకున్న తిండితో నాలుగు ఆకులు వేసి, అక్కడే ఆగి వాడిపోయింది. తొట్టిలోంచి తీసి చూస్తే, వేళ్ళ మీది తోలు నానబెట్టిన బాదంపప్పు పొట్టులా వేలికి ఊడి వచ్చింది. ఆ వాసన ఇప్పటికీ గుర్తుంది.

అప్పటినుంచి గరాజ్‌లో తొట్లన్నీ ఇంటిగోడ వైపు, మందపాటి నురుగు పలక మీద, చుట్టూ పైన్ బెరడు పోసి పెడుతున్నాను. మధ్యలో ఉన్న తొట్టి మట్టిలో ఉష్ణమాపకం మొన గుచ్చి ఉంది, దాని అంకె వంటింటి గోడ మీద కనిపిస్తుంది. మైనస్ నాలుగుకూ ప్లస్ ఐదుకూ మధ్య ఏ అంకె ఉన్నా పట్టించుకోవద్దు. మైనస్ ఆరుకు దిగితే మూల ఉన్న చిన్న హీటర్ వేసి, సున్నాకు రాగానే ఆపేయి. ఏడు దాటితే గరాజ్ తలుపు జానెడు ఎత్తి చల్లగాలి రానివ్వు. నిజం చెప్పాలంటే నాకు మొదటిదానికన్నా రెండోదంటేనే భయం, వెచ్చబడితే చెట్టు వేళకాని వేళ నిద్ర లేస్తుంది.

నీళ్ళ విషయంలో రోజులు లెక్కపెట్టవద్దు. పూజగదిలో కాలిపోయిన అగరుబత్తి పుల్లలు ఒక డబ్బాలో దాచాను, అవి వెదురువి. పదిరోజులకొకసారి ఒక్కో తొట్టిలో అంగుళం లోతు గుచ్చి తీసి చూడు. తడి అంటితే వదిలేయి, పొడిగా వస్తే నీళ్ళు పోయాలి. పుల్ల దిగకపోతే మట్టి గడ్డకట్టినట్టు. అప్పుడు పోసిన నీళ్ళు పైనే పేరుకుంటాయి తప్ప వేరుకు అందవు, గడ్డ కరిగేదాకా ఆగాలి. కరిగించాలని వేడినీళ్ళు మాత్రం పోయకు. మంచు పడ్డ రోజున ఒక చేటెడు తెచ్చి ఒక్కో తొట్టి మీద పెడితే మెల్లగా కరిగి తడుపుతుంది. అయితే పెరట్లో మంచే తీసుకో. కార్లు నిలిపే దారిలోని మంచులో నగరం వాళ్ళు చల్లే ఉప్పు ఉంటుంది.

లార్చ్ చెట్లు మూడూ గరాజ్‌లో లేవని కంగారుపడకు. అవి ఈ మిషిగన్ చిత్తడి నేలల్లో పుట్టే జాతి, సూదాకు చెట్టయి ఉండీ ఆకు రాల్చే విచిత్రం. కంచె పక్కన, పడమటి గాలి తగలని మూల, తొట్లతో సహా నేలలో పాతి బెరడు కప్పాను. వాటి చుట్టూ ఇనుప జాలీ ఎందుకంటే, మంచు కింద ఎలుకలు సొరంగాలు చేసుకుని వచ్చి మొదలు చుట్టూ బెరడు కొరుకుతాయి. పూర్తిగా చుట్టూ కొరికితే ఆ చెట్టు ఇక లేనట్టే. పెద్ద మంచు పడి కరిగాక ఒకసారి జాలీ కదలలేదని చూస్తే చాలు.

తొట్టి పగిలితే బాధపడకు. నీరు గడ్డకట్టినప్పుడు దాదాపు తొమ్మిది శాతం ఉబ్బుతుంది. మూతి విశాలంగా ఉన్న తొట్టిలో ఆ ఉబ్బు పైకి పోతుంది, ఊరగాయ జాడీలా మూతి ముడుచుకున్నదైతే పక్కలకు తన్ని పగలగొడుతుంది. అది తెలియక నేను అందానికి మురిసి కొన్న నీలం తొట్టి రెండు చెక్కలైంది. అలాంటిదే ఇంకొకటి ఉంది, దాన్ని ఈసారి ఖాళీ చేసి అల్మారాలో పెట్టేశాను.

అసలు జాగ్రత్త మార్చిలో కావాలి. ఒక మధ్యాహ్నం పదిహేను డిగ్రీలు వస్తుంది, నీకు చెట్లన్నీ బయట పెట్టాలనిపిస్తుంది. మొగ్గలు మినపగింజలా బిగుతుగా ఉన్నంతకాలం చలి వాటిని ఏమీ చేయదు. ఒక్కసారి ఆకు విచ్చిందా, సున్నాకు రెండు మూడు డిగ్రీలు దిగిన చలికే అది నల్లబడిపోతుంది. కనుక మొగ్గ ఉబ్బుతున్నట్టు కనిపిస్తే గరాజ్ ఇంకా చల్లబరుచు, తొందరపెట్టకు. మట్టి మార్చే పని నేను వచ్చాక చూసుకుంటాను.

నీ చేతిలో పోతాయేమోనని నువ్వు అన్నమాట మీ అమ్మ చెప్పింది. వాషింగ్టన్‌లో మనం చూసిన ఆ తెల్లపైన్ గుర్తుందా, 1625 నుంచి తొట్టిలో పెరుగుతున్నది? హిరోషిమా బాంబు పడిన రోజున ఆ ఊళ్ళోనే, యమాకి కుటుంబం తోటలో, గోడ చాటున ఉండి బతికింది. 1976లో జపాన్ అమెరికాకు ఇచ్చిన చెట్లతో పాటు వచ్చింది. బాంబు సంగతి ఇక్కడివాళ్ళకు 2001లో ఆ ఇంటి మనవలు వచ్చి చెప్పేదాకా తెలియదట. అన్ని శీతాకాలాలు ఒక్క మనిషి కాయలేదు కదా. ఇక్కడ రెండున్నర నెలలే. ఒకటో రెండో పోతే పోనీ, నేను ఇప్పటికి తొమ్మిది చంపాను.

ఇంట్లో ఉండేవి రెండే: వంటింటి కిటికీలో ఫైకస్, దాని పక్కన చింత. అవి మన ఎండల జాతులు, పదిహేను డిగ్రీల కింద ఉంచకూడదు. చింతాకు సాయంత్రం ముడుచుకుంటుంది, అది జబ్బు కాదు. దానికి నీళ్ళు పోయటం మాత్రం నువ్వు మరిచిపోయినా మీ అమ్మ రాజమండ్రినుంచి ఫోన్ చేసి గుర్తుచేస్తుంది, పోయినేడు నాకూ అలాగే చేసింది. హీటర్ తీగ పొడుగ్గా ఉంది, కారు వెనక్కి తీసేటప్పుడు చూసుకో.

ఆశీస్సులతో,
మీ నాన్న