క్వాలిఫయింగే కదా అంటే ఎలా బిడ్డా

బిడ్డా,

నిన్న ఫోన్‌లో సివిల్స్ పరీక్ష గురించి మాట్లాడుతూ "సీశాట్ క్వాలిఫయింగే కదమ్మా, తెలుగు పేపర్ కూడా అంతే, వాటికి టెన్షన్ ఎందుకు" అన్నావు చూడు, అప్పటినుంచి నాకు అదే ఆలోచన. ఫోన్‌లో చెబితే మధ్యలోనే "సరేలే" అని పెట్టేస్తావు కాబట్టి రాస్తున్నాను, మొత్తం చదువు.

యూపీఎస్సీ నోటిఫికేషన్ ప్రింట్ తీయించుకుని చదివాను. ప్రిలిమ్స్ రెండు పేపర్లూ ఒక్కరోజే. పొద్దున జనరల్ స్టడీస్, వంద ప్రశ్నలు, 200 మార్కులు. దానికోసం పాలిటీ, ఎకానమీ, చరిత్ర అంటూ అర్ధరాత్రి దాకా కూర్చుంటున్నావు, బాగానే ఉంది. మధ్యాహ్నం సీశాట్, అంటే లెక్కలు, రీజనింగ్, ప్యాసేజీల పేపర్, 80 ప్రశ్నలు, అదీ 200 మార్కులకే, అందులో 33 శాతం అంటే 66 రావాలి. 2015 నుంచి పాసైతే చాలన్నారు కదా, అందుకే అందరికీ అలుసైపోయింది. నేను లెక్క వేశాను: ప్రశ్నకు రెండున్నర మార్కులు, తప్పు పెడితే అందులో మూడో వంతు కోత. 27 సరిగ్గా పెట్టినా వాటితోపాటు 13 తప్పులుంటే 57 కూడా రావు! ఇక పొద్దున పేపర్ ఎంత బాగా రాసినా లాభం లేదు. బీటెక్ చేశావు, లెక్కలకు భయపడవు, కానీ ఆ పొడుగు ప్యాసేజీల దగ్గరే టైమ్ పోతుంది. వారానికి ఒక పాత పేపరైనా టైమ్ పెట్టుకుని చెయ్యి.

మెయిన్స్‌లో తొమ్మిది పేపర్లున్నా ర్యాంకుకు లెక్కేసేవి ఏడే, వ్యాసం, జనరల్ స్టడీస్ నాలుగు, మనం ఎంచుకునే ఆప్షనల్ సబ్జెక్టువి రెండు, ఒక్కోటి 250 చొప్పున 1750. దానికి ఇంటర్వ్యూ 275 కలుపుతారు. వీటి గురించి నాకంటే నీకే బాగా తెలుసు. ఆప్షనల్ ఆంత్రోపాలజీ అన్నావు, మన మెట్‌పల్లి అబ్బాయి దురిశెట్టి అనుదీప్ 2017 పరీక్షలో దానితోనే దేశంలో మొదటి ర్యాంకు తెచ్చుకున్నాడు, తీసుకో. పక్క రూమ్ అమ్మాయి తీసుకుందని మాత్రం తీసుకోకు.

నా బాధంతా మిగిలిన రెండు భాషా పేపర్లలో ఒకదాని గురించే. ఇంగ్లిష్ నీకు ఇబ్బంది లేదు. తెలుగు 300 మార్కులకు, పాతిక శాతం రావాలి, ఆ 75 రాకపోతే మిగతా ఏడు పేపర్ల మార్కులు అసలు లెక్కలోకే తీసుకోరట. వంద మార్కులకు వ్యాసం, తర్వాత సంక్షిప్తం, పేరా చదివి జవాబులు, అటూ ఇటూ అనువాదం, కాస్త వ్యాకరణం. కష్టమేమీ కాదు, కానీ పదో తరగతి తర్వాత నువ్వు తెలుగులో ఒక పేజీ రాసింది ఎప్పుడు? వాట్సాప్‌లో కూడా ఇంగ్లిష్ అక్షరాలే. రోణంకి గోపాలకృష్ణ తెలుగు సాహిత్యమే ఆప్షనల్‌గా తీసుకుని 2016 పరీక్షలో మూడో ర్యాంకు తెచ్చుకున్నాడు, నిన్ను అంత రాయమనట్లేదు, వత్తులు పోకుండా నాలుగు పేజీలు రాస్తే చాలు. తెలుగు టీచర్ కూతురు తెలుగులో పోయిందంటే నేను స్టాఫ్ రూమ్‌లో తలెత్తుకోగలనా?

ప్రతి ఆదివారం ఒక వ్యాసం రాసి ఫోటో తీసి పంపు, దిద్ది పెడతాను. మొదటిది చెరువుల గురించి రాయి. అశోక్‌నగర్ హాస్టల్ ఫీజుకు నాన్న డబ్బులు వేశారు, చూసుకో. సకినాలు బాబాయ్ చేత పంపుతున్నా.

అమ్మ