మన బడి కబురు: ఆ టెలిగ్రామ్ గ్రూపు సంగతి

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

వారం రోజులుగా రేవు దగ్గరా గేటు దగ్గరా ఒకటే మాట: బడికి పోలీసులొచ్చారంట, పిల్లల్ని టెర్రరిస్టులు లాగేశారంట. పోలీసుల్ని పిలిచింది నేనే. ఏ పిల్లాడూ ఎక్కడికీ పోలేదు, ఎవరి మీదా కేసు లేదు. జరిగింది ఇదీ. మన తొమ్మిదో తరగతి కుర్రాడికి ఫోన్ గేమ్‌లో ఒకతను పరిచయమై, నెల రోజులు ఎంతో ప్రేమగా మాట్లాడి, ఒక టెలిగ్రామ్ గ్రూపులో చేర్చాడు. అక్కడ ముందు జోకులు, తర్వాత ఫలానా మతంవాళ్ళ వల్లే మనకీ గతి అనే వీడియోలు, ఆ తర్వాత "ఇంట్లో చెప్పకు, వాళ్ళకి అర్థం కాదు" అనే మాట. ఆ మాట దగ్గర వాడికి భయం వేసి పక్క బెంచీ స్నేహితుడికి చెప్పాడు, ఆ స్నేహితుడు తెలుగు మేడం దగ్గరికి తీసుకెళ్ళాడు. పద్నాలుగేళ్ళకే అంత ఆలోచన ఉన్న పిల్లలు మన బడిలో ఉన్నారని నాకు రెండు రోజులు నిద్ర పట్టనంత సంతోషం. దయచేసి వాళ్ళ పేర్లు ఆరా తీయకండి.

ఇది మన ఒక్క బడి సంగతే కాదు. 2015 ఫిబ్రవరిలో లండన్‌లోని బెత్నల్ గ్రీన్‌లో ఒకే బడిలో చదివే ముగ్గురమ్మాయిలు, పదిహేను పదహారేళ్ళవాళ్ళు, ఇస్లామిక్ స్టేట్ అనే ఉగ్రవాద ముఠాలో చేరడానికి సిరియా వెళ్ళిపోయారు. ఇంట్లో ఎవరికీ అనుమానం రాలేదు. 2019 మార్చి 15న న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్ మసీదుల్లో 51 మందిని పొట్టనబెట్టుకున్న తెల్లజాతి ఉన్మాది ఆ కాల్పుల్ని ఫేస్‌బుక్‌లో లైవ్ పెట్టాడు, ఆ వీడియో కాపీల్ని మొదటి 24 గంటల్లోనే 15 లక్షలు తీసేయాల్సి వచ్చింది. జెండా ఏదైనా పిల్లల దగ్గరికి వచ్చే దారి ఒకటే: ఒంటరిగా, ఏదో అవమానంతో ఉన్నవాడిని వెతుకుతారు, "నీ బాధ మాకు తెలుసు" అంటారు, అందరూ చూసే చోటు నుంచి ఎవరికీ కనపడని చాట్‌లోకి, తమంతట తామే మాయమైపోయే మెసేజ్‌లలోకి తీసుకెళ్తారు, చిన్న చిన్న పనులు చెప్పి మెచ్చుకుంటారు. ఫోన్లో రాజుకున్న కోపం వీధిలోకి రావడానికి ఎంతసేపు పడుతుందో 2022 మే 24న అమలాపురంలో జిల్లా పేరు మార్పు మీద జరిగిన అల్లర్లలో చూశాం కదా, ఆ తర్వాత రోజుల తరబడి నెట్ లేకుండా కూర్చున్నాం.

అందుకే నేను లైబ్రరీ, లైబ్రరీ అని మీ ప్రాణం తీస్తున్నాను. రోజూ ఉదయం పావుగంట ఒకే వార్తను రెండు పేపర్లలో చదివించి, ఇది ఎవరు చెప్పారు, వాళ్ళకెలా తెలుసు, ఎవరిని అడగలేదు అని పిల్లల చేతే అడిగిస్తున్నాం. ఈ అలవాటున్న పిల్లాడు ఎవడో పంపిన వీడియోకి అంత తేలిగ్గా పడిపోడని నా గట్టి నమ్మకం. లంక నుంచి పడవ దాటి వచ్చే ఏడో తరగతి అమ్మాయిలు నలుగురు అందరికంటే ముందొచ్చి ఆ పేపర్లు బోర్డుకి పెడుతున్నారు! పోయిన నెల ఊళ్ళో తిరిగిన గట్టు తెగిందనే పుకారు అబద్ధమని తేల్చింది కూడా వాళ్ళే, నేరుగా గట్టు మీదికి వెళ్ళి చూసొచ్చారు.

వరద సెలవులకి బదులు రెండో శనివారం బడి ఉంటుంది, బస్సు ఫీజు పదో తేదీలోపు కట్టేయండి.

ఇక ఇంటి సంగతి, ఏమనుకోకండి. పదేళ్ళ పాపకి పుట్టిన సంవత్సరం మార్చి ఇన్‌స్టాగ్రామ్ తెరిచి ఇచ్చింది మనవాళ్ళే, 13 నిండాలని ఆ కంపెనీయే చెబుతున్నా. ఫోన్ చూపిస్తే గానీ ముద్ద దిగదు అంటారు, రాత్రి ఒంటిగంటకి దుప్పట్లో వెలుగు మాత్రం కనపడదంటారు. క్లాసు గ్రూపులో అర్ధరాత్రి ద్వేషపు ఫార్వర్డులు పెడుతున్న ఇద్దరు ముగ్గురికి విడిగా ఫోన్ చేసి చెప్పాను, మళ్ళీ చెప్పించుకోరనుకుంటున్నాను. ఈ కబురు విని ఒకరు పిల్లాడి ఫోన్ గోడకేసి కొట్టారట. అలా చేస్తే "ఇంట్లో చెప్పకు" అన్నవాడి మాటే నిజం చేసినట్టు కదండీ? ముందు పక్కన కూర్చుని వినండి, స్క్రీన్‌షాట్లు తీసి ఉంచండి, మా దగ్గరికి తీసుకురండి, లేదా పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి.

శనివారం సాయంత్రం నాలుగింటికి హాల్లో కూర్చుని మాట్లాడుకుందాం, నాన్నలు కూడా రావాలి. లంక వాళ్ళ కోసం ఆరున్నర దాకా పడవ ఆపమని సరంగుతో మాట్లాడాను.

మీ హెడ్‌మాస్టర్